వాసన

షికాగోలో నెక్స్ట్ అని ఒక రెస్టరెంటుంది. అక్కడ భోజనానికి టేబుల్ బుక్ చేసుకోరు, టికెట్ కొనుక్కుంటారు. సినిమాకీ విమానానికీ కొన్నట్టే. డబ్బంతా ముందే కట్టాలి. ఆ రోజు వెళ్ళడం కుదరకపోతే టికెట్ ఇంకెవరికైనా ఇచ్చుకోవాలి తప్ప డబ్బు వెనక్కి రాదు. శనివారం రాత్రి ఎనిమిదింటికి ఒక రేటు, బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకి అంతకంటే తక్కువ రేటు. తిండి మాత్రం రెండు రోజులూ ఒకటే. ఈ ఏర్పాటు చేసిన నిక్ కొకోనస్ అంతకుముందు డెరివేటివ్స్ ట్రేడింగ్ చేసినవాడు. హోటల్లో ఖాళీగా మిగిలిపోయిన కుర్చీ కూడా సాయంత్రానికి రైతుబజారులో మిగిలిన తోటకూర కట్టలాంటిదేనని అతని లెక్క. ఆ టికెట్లు అమ్మడానికి వాళ్ళు రాయించుకున్న సాఫ్ట్‌వేరే తర్వాత టాక్ అనే కంపెనీ అయింది. 2021లో స్క్వేర్‌స్పేస్ దాన్ని 40 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది.

ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి కాబట్టి ముందు నాకు నచ్చిన సంగతి ఇదే. కానీ ఆ రెస్టరెంటు అసలు ప్రత్యేకత వేరే. మూడు నాలుగు నెలలకోసారి అది పూర్తిగా ఇంకో రెస్టరెంటు అయిపోతుంది. 2011 ఏప్రిల్‌లో తెరిచినప్పుడు మొదటి మెనూ పేరు ‘పారిస్ 1906’: రిట్జ్ హోటల్లో ఎస్కోఫియే వండిన కాలం నాటి ఫ్రెంచి వంటలు. ఆ తర్వాత థాయిలాండ్. ఆ తర్వాత, ఆ ఏడాది చివర్లో, ‘బాల్యం’.

థీమ్ రెస్టరెంట్లు మనకి కొత్తేం కాదు. జైలు గదుల్లాంటి గదుల్లో కూచోబెట్టి, ఖైదీ బట్టలేసుకున్న కుర్రాళ్ళతో వడ్డించే హోటళ్ళున్నాయి. బొమ్మ రైలు మీద ప్లేటు వచ్చి మన ముందాగే హోటళ్ళున్నాయి. వాటిల్లో థీమ్ గోడలకీ బట్టలకీ మాత్రమే అంటుకుని ఉంటుంది. కటకటాల వెనక కూచున్నా వచ్చేది ఆ చిల్లీ చికెనే, ఆ బిర్యానీయే. నెక్స్ట్‌లో గోడల మీద ఏమీ ఉండదు. థీమంతా పళ్ళెంలో ఉంటుంది. పైగా ఏం తినాలో మనం చెప్పడానికి లేదు. ‘బాల్యం’ అని పేరు తెలుస్తుంది, అంతే. ఆ పేరు కింద ఏమేం వస్తాయో, ఎన్ని వస్తాయో వాళ్ళిష్టం. వచ్చింది తినడమే మన వంతు.

ఆ రోజుల్లో ఆ టికెట్లు దొరకడం గగనం. మా టీమ్‌లో ఒక అమెరికన్‌కి నలుగురి టేబుల్ ఒకటి దొరికింది. అతనితో రావలసిన ఇంకో జంట చివర్లో మానుకుంటే, ఆ రెండు టికెట్లూ నేనూ నా రూమ్మేటూ తీసుకున్నాం. నాకప్పుడు 26 ఏళ్ళు. దేశానికొచ్చి రెండేళ్ళయింది. మాది తణుకు పక్కన పల్లెటూరు, మావాడిది కరీంనగర్. నెల కూరగాయల డబ్బులు ఒక పూట భోజనానికి పెట్టడం మా ఇద్దరికీ అదే మొదటిసారి.

వెస్ట్ ఫుల్టన్ మార్కెట్ వీధి ఇప్పుడు చూస్తే గుర్తుపట్టలేం. గూగుల్ ఆఫీసొచ్చింది, 2018లో మెక్‌డొనాల్డ్స్ ప్రధాన కార్యాలయమే అక్కడికి మారింది. 2011లో మాత్రం అది ఇంకా మాంసం, చేపల హోల్‌సేల్ గిడ్డంగుల వీధి. రాత్రయితే చాలావరకు చీకటి. ఆ చీకట్లో పెద్ద బోర్డేమీ లేని ఒక తలుపు తోసుకుని లోపలికెళ్ళాం.

మొదట మా ముందుకి వచ్చింది రంగు కాగితం చుట్టి రిబ్బన్ కట్టిన ఒక గిఫ్టు పెట్టె. విప్పాం. లోపల ఒక్క ముద్దకి సరిపోయే చిన్నది ఏదో ఉంది. నోట్లో వేసుకోగానే మా అమెరికన్ మిత్రుడు పగలబడి నవ్వాడు. అతని భార్య కళ్ళు మూసుకుంది. అది పీనట్ బటర్ అండ్ జెల్లీ. ఇక్కడి పిల్లలు బడికి తీసుకెళ్ళే సాండ్‌విచ్ రుచి, సాండ్‌విచ్ ఆకారం లేకుండా. మేమిద్దరం కూడా తిన్నాం. బావుంది. వేరుశనగపప్పు, ఏదో పండు. మావాడు నా వైపు వంగి మెల్లిగా అడిగాడు: “గీళ్ళు గింతగనం నవ్వుతున్నరేందిరా?”

తర్వాత చికెన్ నూడుల్ సూప్. ఇక్కడ జ్వరమొస్తే తల్లులు కాచి ఇచ్చే సూప్ అది. మనకి మిరియాల చారులాగ. కాకపోతే ఇందులో నూడుల్సే కోడిమాంసంతో చేశారు. ఆ తర్వాత మాకరోనీ అండ్ చీజ్. ఆ తర్వాత పాతకాలం లంచ్‌బాక్సులు, 1980ల నాటి టీవీ షోలూ కార్టూన్ల బొమ్మలున్నవి, మనిషికొకటి. లోపల బడిపిల్లల చిరుతిళ్ళ రూపంలో ఖరీదైన తిండి, ఒక థర్మాస్ ఫ్లాస్కు, బడికెళ్ళే పిల్లాడికి తల్లి రాసి పెట్టే మాదిరి చేతిరాత చీటీ. మా మిత్రుడి భార్య ఆ చీటీ చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మడతపెట్టి పర్సులో పెట్టుకుంది. చుట్టూ చూశాను. ప్రతి టేబుల్ దగ్గరా ఎవరో ఒకరు, నీదే బొమ్మ నాదే బొమ్మ అని డబ్బాలు తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. సూట్లు వేసుకున్న మగవాళ్ళు డబ్బా మూత టక్కుమని వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేస్తున్నారు. ఆ చప్పుడు కోసం.

మా డబ్బాల మీద ఎవరున్నారో మాకు తెలీదు.

వంటల్లో లోపమేమీ లేదు. ప్రతిదీ మేం అంతకుముందు తిననంత బాగుంది. ప్రతిదీ మమ్మల్ని ఆశ్చర్యపరిచింది కూడా, ఎందుకంటే అన్నీ మాకు కొత్తే. సర్‌ప్రైజ్ మెనూ అంటే ఏం వస్తుందో తెలియకపోవడమే అయితే, ఆ హాల్లో అందరికంటే ఎక్కువ సర్‌ప్రైజ్ అయింది మేమిద్దరమే. మరి కళ్ళు తుడుచుకుంటున్నది వాళ్ళు, మర్యాదగా తలలూపుతున్నది మేము. ఎందుకిలా? ఆ రాత్రి నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఆ తర్వాత నేను పుస్తకాల మీద రాసిన నాలుగు ముక్కల వెనకా ఎక్కడో అక్కడ ఇది ఉంటూనే ఉంది.

రసం అనే మాటని మన వాళ్ళు వంటింట్లోంచే తెచ్చారు. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు రసమంటే ఏమిటో వివరించడానికి ఎత్తుకున్న పోలిక భోజనమే: రకరకాల వ్యంజనాలూ, ఓషధులూ, బెల్లంలాంటి ద్రవ్యాలూ కలిస్తే ఒక రుచి తయారైనట్టు, భావాలన్నీ కలిసి రసమవుతాయంటాడు. సంస్కరించిన అన్నాన్ని మంచి మనసుతో తినేవాడు ఎలా ఆనందిస్తాడో ప్రేక్షకుడూ అలాగేనంటాడు. తర్వాతి ఆలంకారికులు దీనికి ఒక షరతు జోడించారు. రసం కలగాలంటే చూసేవాడిలో వాసన ఉండాలని. వాసన అంటే ఇక్కడ ముక్కుకి తెలిసేది కాదు, పాత అనుభవాలు మనసులో వదిలిపెట్టి వెళ్ళిన ముద్ర. అది లేనివాళ్ళు నాటకశాలలో కూచున్నా కర్రతోనూ గోడతోనూ రాయితోనూ సమానమని విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో చెబుతాడు. చదివినప్పుడు ఇదేదో పండితుల కోపంలా అనిపిస్తుంది. నేను మాత్రం ఆ రాత్రి ఫుల్టన్ మార్కెట్‌లో ఒక కుర్చీలో కూచున్న కర్రనే. నా పక్కన కరీంనగర్ గోడ.

ఆశ్చర్యాల్లో రెండు రకాలున్నాయని నాకు నెమ్మదిగా అర్థమైంది. తెలియనిది వచ్చి ఎదురుగా నిలబడడం ఒక రకం. బాగా తెలిసినదే అనుకోని చోట, అనుకోని రూపంలో ఎదురుకావడం రెండో రకం. మొదటిదానికి మనం కళ్ళు పెద్దవి చేస్తాం. రెండోదానికి కళ్ళు తడి అవుతాయి. 2007లో వచ్చిన ‘రాటటూయీ’ సినిమా చూసినవాళ్ళకి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. అందులో ఆ కఠినాత్ముడైన విమర్శకుడు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే చిన్నప్పటి ఇంటి గుమ్మంలోకి వెళ్ళి పడతాడు. అతని ముందు పెట్టింది పల్లెటూరి కూరగాయల వంటకమే, ఆకారం మాత్రం మారింది. ఆ సినిమాకి వంటల సలహాదారు థామస్ కెల్లర్. నెక్స్ట్ నడిపిన గ్రాంట్ ఆకెట్స్ ఒకప్పుడు కెల్లర్ దగ్గరే, ఫ్రెంచ్ లాండ్రీలో, పనిచేసినవాడు.

ఆకెట్స్ కథ కూడా ఇక్కడ చెప్పాలి. మిషిగన్‌లో చిన్న ఊరివాడు. తల్లిదండ్రులు హోటల్ నడిపేవాళ్ళు. 2005లో షికాగోలో అలీనియా తెరిచి పేరు తెచ్చుకున్నాడు. 2007లో నాలుక మీద కాన్సర్ బయటపడింది, అప్పటికే నాలుగో దశ. చాలామంది డాక్టర్లు నాలుక తీసేయాలన్నారు. అతను ఒప్పుకోలేదు. షికాగో యూనివర్సిటీలో కీమోథెరపీ, రేడియేషన్ చేయించుకున్నాడు. వ్యాధి పోయింది, దాంతో పాటు రుచి కూడా పోయింది. ఏమీ రుచి తెలియని ఆ నెలల్లో అతను వంటలు ఆపలేదు. జ్ఞాపకంలో ఉన్న రుచులతో లెక్క కట్టి కొత్త వంటకాలు ఊహించేవాడు, నోట్లో పెట్టుకుని చెప్పే పని తన వంటవాళ్ళది. ఆ తర్వాత రుచులు ఒక్కటొక్కటిగా తిరిగొచ్చాయి. మొదట తీపి. పెద్దవాడయ్యాక ఒక మనిషి నాలుక మళ్ళీ పసిపిల్లాడి నాలుకలా మొదలైంది. ఇది జరిగిన నాలుగేళ్ళకి అతని రెస్టరెంటులో ‘బాల్యం’ అనే మెనూ వచ్చింది. రెంటికీ సంబంధం ఉందని నేననను. కానీ రుచి నాలుక మీద ఎంతుంటుందో, జ్ఞాపకంలో ఎంతుంటుందో అతనికి తెలిసినంతగా ఇంకో వంటవాడికి తెలిసే అవకాశం తక్కువ.

మళ్ళీ ఆ రాత్రికి వస్తే, చివరికొచ్చేసరికి ఒకటి జరిగింది. దీపాలు తగ్గించారు. టేబుల్ మధ్యలో చిన్న కట్టెలు పెట్టి మంట వెలిగించారు. ఇక్కడి పిల్లలు వేసవి కాంపుల్లో మంట చుట్టూ కూచుని పుల్లకి మార్ష్‌మెలో గుచ్చి కాల్చుకుంటారు, అది గుర్తుచేయడానికి. పొగ వాసన టేబులంతా కమ్ముకుంది. ఆ మంట దగ్గర వడ్డించిన తీపిలో ఉన్నది స్వీట్ పొటాటో. మావాడు ఒక చెంచా తీసుకుని గట్టిగా అనేశాడు: “కందగడ్డరా!”

మావైపు చిలగడదుంప. కట్టెల పొయ్యి ఆరాక ఆ నివురులో కప్పెట్టి, పొద్దున్నే తీసి, బూడిద దులిపి, మాడిన తొక్క ఊడదీస్తే లోపల తేనెలా సాగేది. మావాడికది శివరాత్రి. పగలంతా ఉపవాసం, సాయంత్రం వాళ్ళ నానమ్మ పెట్టే కందగడ్డలు, రాత్రంతా జాగారం. ఆ మాటలన్నీ ఇంగ్లీషులో పెట్టి మా మిత్రుడికి చెప్పడానికి మావాడు చాలా తంటాలుపడ్డాడు. అతను కూడా తన కాంపు సంగతులు చెప్పుకొచ్చాడు, సరస్సు, దోమలు, ఇంటికి పోతానని ఏడ్చిన మొదటి రాత్రి. ఒకే మంట, ఒకే దుంప. అందులోంచి వాళ్ళిద్దరూ ఒక సరస్సు ఒడ్డుకి వెళ్ళారు, మేమిద్దరం రెండు వేర్వేరు పొయ్యిల దగ్గరకి. ఆ ఒక్క పది నిమిషాలే ఆ టేబుల్ దగ్గర నలుగురం సమానంగా కూచున్నాం. వాసన అన్న సంస్కృతపు మాటకి తెలుగులో మామూలు అర్థం ఎందుకు స్థిరపడిపోయిందో కూడా నాకప్పుడే అర్థమైనట్టనిపించింది. మనసులో ముద్ర ఉన్న చోటికి తొందరగా తీసుకెళ్ళే దారి ముక్కే.

భోజనమయ్యాక పక్క తలుపులోకి వెళ్ళాం. ఏవియరీ అని వాళ్ళదే బారు. అంటే పక్షుల పంజరం. అక్కడ మామూలు బార్లలో ఉండే కౌంటర్ లేదు, దాని ముందు ఎత్తు స్టూళ్ళు లేవు. డ్రింకులు కలిపేవాళ్ళు వంటవాళ్ళలాగా ఒక జాలీ వెనక నిలబడి పనిచేస్తారు. ఐసు కోసమే ఒక మనిషి ఉంటాడు. అక్కడ పేరుమోసిన డ్రింకు ఒకటుంది. గ్లాసులో ఒక మంచు గుండు, కోడిగుడ్డు కంటే పెద్దది, ఉంటుంది. ద్రవం ఎక్కడా కనపడదు. నీళ్ళు బయటి నుంచి లోపలికి గడ్డకడతాయి కదా, పెంకు మాత్రం గట్టిపడగానే లోపల మిగిలిన నీటిని సూదితో లాగేసి, అదే సూదితో విస్కీ కాక్‌టెయిల్ ఎక్కిస్తారు. ఉండేలులాంటి చిన్న సాధనం గ్లాసు మీద పెట్టి వదిలితే గుండు ఫట్‌మని పగిలి డ్రింకు బయటికొస్తుంది.

అది పగిలినప్పుడు నలుగురం ఒకేలా “ఓ!” అన్నాం. ఇక్కడ ఎవరి చిన్నతనంతోనూ పని లేదు. మిషిగన్‌వాడూ మంచు గుండులో విస్కీ చూడలేదు, తణుకువాడూ చూడలేదు. అద్భుతరసానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. కానీ దాని ఆయుష్షు తక్కువ. రెండేళ్ళ తర్వాత పెళ్ళయ్యాక మా ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్ళాను, అదే డ్రింకు తెప్పించాను. గుండు పగిలినప్పుడు నేను చూస్తున్నది ఆవిడ ముఖాన్ని, గ్లాసుని కాదు. గ్లాసులో ఏం జరుగుతుందో నాకు ముందే తెలుసు. చివరి పేజీలో మలుపు తిరిగే కథలు రెండోసారి చదివినప్పుడు ఇలాగే ఉంటాయి. మలుపు తెలిశాక కూడా మళ్ళీ మళ్ళీ చదివించే కథలు వేరే జాతివి.

ఆ రాత్రి కారులో తిరిగొస్తూ నేనూ మావాడూ మా ‘బాల్యం’ మెనూ తయారుచేశాం. మొదటి వంటకం న్యూస్ పేపర్ పొట్లంలో రేగుపళ్ళు, ఉప్పూకారం చల్లినవి. తర్వాత జీళ్ళు. పుల్లైసు, చొక్కా మీద ఎర్రగా కారే రకం. ఆశా చాక్లెట్, కాగితం కూడా నాకడానికి వీలుగా. మావాడు సర్వపిండి లేకపోతే లేచిపోతానన్నాడు. నేను తేగలన్నాను. “ఏంటియి?” అన్నాడు. తాటి టెంకలు భూమిలో పాతితే మొలకొస్తుంది కదా, దాన్ని కుండలో పెట్టి కాలిస్తే... “గేగులా!” అని అరిచాడు. మా మధ్య రెండు మాటలు, ఒకటే దుంప. తేగని మధ్యకి చీలిస్తే లోపల మెత్తగా సన్నటి మొలక ఉంటుంది. దాన్ని మేం చందమామ అంటాం. తేగలో చందమామ ఉంటుందని మా ఊళ్ళో నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలుసు. అయినా చీల్చినప్పుడల్లా, అది విరక్కుండా నిలువునా బయటికొస్తుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూస్తాం. వెయ్యోసారి కూడా. నాకు తెలిసినంతలో అసలైన సర్‌ప్రైజ్ మెనూ అది.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం ‘ఎవరి తిండి వాళ్ళది, ఎవరి కథలు వాళ్ళవి’ అనే నీతి దగ్గర ఆగుతుంది. కానీ నా సొంత అనుభవమే ఆ నీతికి అడ్డం పడుతుంది. మా పెదనాన్న గారింట్లో ఒక చెక్క బీరువా నిండా సోవియట్ పుస్తకాలుండేవి. ప్రగతి వాళ్ళవి, రాదుగ వాళ్ళవి, విశాలాంధ్ర ద్వారా అతి చవగ్గా వచ్చిన తెలుగు అనువాదాలు. నేను చదవడం నేర్చేటప్పటికి ఆ దేశమే లేదు. పుస్తకాలు మాత్రం ఉన్నాయి. వేసవి సెలవులన్నీ అరుగు మీద బోర్లా పడుకుని, చెమటలు కారుతుండగా మంచు గురించి చదివాను. సమోవార్ అంటే ఏమిటో చూడకుండానే దాని చప్పుడు తెలిసింది. నల్లరొట్టె, కాబేజీ సూపు, పొయ్యి మీద పడుకునే ముసలివాళ్ళు, ఇవన్నీ మా ఊరి చెరువుగట్టంత దగ్గర. నెక్స్ట్ వాళ్ళు ఎప్పుడైనా ‘రష్యా పల్లెటూరు’ అని మెనూ పెట్టి, ఒక రొట్టె ముక్కా ఉప్పూ ముందు పెడితే, కళ్ళు తుడుచుకునేవాళ్ళలో నేనూ ఉంటాను. ఆ రొట్టె నేనెప్పుడూ తినలేదు. చదివాను, అంతే. కానీ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

అభినవగుప్తుడు సహృదయుణ్ణి నిర్వచిస్తూ చెప్పింది ఈ సంగతే అనుకుంటా. కావ్యాలని మళ్ళీ మళ్ళీ అనుశీలించగా అద్దంలా తేరుకున్న మనసు కలవాడని అతని భావం. వాసన పుట్టుకతోనే రానక్కర్లేదు, అలవాటుతో కూడా పడుతుంది. ఒక్కసారి తినడంతో పడదు. ఒక్కసారి చదవడంతో పడదు. ఒక రాత్రికి టికెట్ కొనుక్కుంటే అస్సలు పడదు.

మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. నేపర్‌విల్‌లో పుట్టింది. మొన్నొకరోజు నిద్రపోయే ముందు కథ చెప్పమంటే ఈ భోజనం కథ చెప్పాను. గిఫ్టు పెట్టెలో పీనట్ బటర్ జెల్లీ అనగానే నవ్వింది. కోడిమాంసంతోనే నూడుల్స్ అనగానే లేచి కూచుని “డాడీ, నూడుల్సే చికెనా!” అని దొర్లి దొర్లి నవ్వింది. లంచ్‌బాక్సులో చీటీ దగ్గర నవ్వలేదు, చీటీలో ఏం రాసుందని అడిగింది. నవ్వాల్సిన చోట నవ్వింది, ఆగాల్సిన చోట ఆగింది. ఆ భోజనం తనది. నేను డబ్బు కట్టి, ఎదురుగా కూచుని తిన్నా నాది కానిది, తను వెళ్ళకుండానే, పుట్టకముందే, తనదైపోయింది. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే కుక్కర్లో అన్నం తింటున్నాం. ఇరవయ్యేళ్ళ తర్వాత తనని ఏడిపించే రుచి నాకు ఉత్త వేరుశనగపప్పూ పండూను. నన్ను ఏడిపించే తేగ, కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తినిపిస్తే, తను మర్యాదగా నమిలి “ఇట్స్ ఇంటరెస్టింగ్” అంది. ఆ మర్యాద నాకు బాగా పరిచయం. ఫుల్టన్ మార్కెట్‌లో రాత్రంతా నేను ఊపిన తలే అది.

ఈ వేసవిలో మా అమ్మ వచ్చి మాతో ఉంటోంది. మా అమ్మాయి నా కథ గుర్తుపెట్టుకుని, నానమ్మకి సర్‌ప్రైజ్ మెనూ పెడతానని ప్రకటించింది. ఒక శనివారం మధ్యాహ్నం వాళ్ళమ్మనీ నన్నూ వంటింట్లోకి రానివ్వలేదు. మా అమ్మని డైనింగ్ టేబుల్ దగ్గర కూచోబెట్టి, తన పాత లంచ్‌బాక్సు ముందు పెట్టింది. లోపల అంచులు కోసేసిన పీనట్ బటర్ జెల్లీ సాండ్‌విచ్, నాలుగు ద్రాక్షపళ్ళు, ఒక చీటీ. చీటీలో తెలుగు అక్షరాలు, ‘నానమ్మ’లో ఒక ‘మ’ వత్తు తప్పిపోయింది.

మా అమ్మ ఒక ముక్క కొరికి నమిలి, “ఓసి, వేరుశనగ ఉండేనే ఇది. బెల్లం బదులు జాము పెట్టారు” అంది. నేను గుమ్మంలో నిలబడి, ఆహా ఎంత సులువుగా దాటేసిందీ అనుకుంటున్నాను.

మా అమ్మాయి ఒప్పుకోలేదు. “నో నానమ్మా! ఉండ కాదు. ఉండ క్రంచీ. ఇది అలా తినకూడదు.” ఇంకో ముక్క చేతికిచ్చింది. గబగబా నమలకూడదట. నోట్లో పెట్టుకుని కాసేపు ఊరుకోవాలట. మా అమ్మ అలాగే చేసింది. కాసేపటికి ఆవిడ ముఖం అదోలా అయింది. మాట ముద్దగా వచ్చింది: “అంగిట్లో అతుక్కుపోయిందే!”

“అదే! అదే నానమ్మా, అలాగే అవ్వాలి!” అని చప్పట్లు కొట్టి, సిద్ధంగా పెట్టుకున్న చల్లటి పాల గ్లాసు అందించింది. ఆవిడ రెండు గుక్కలు తాగి, నాలుక అంగిటికి తగిలించి చప్పరించి చూసుకుంది.

తర్వాతి శనివారం మా అమ్మే అడిగింది: “ఇదిగో అమ్మాయ్, ఆ అంగిట్లో అతుక్కునేది ఇవాళ పెట్టవా?”